మొదటి పళ్ళెం

ఫ్రిజ్‌లో పెడితే పాడైపోయే వస్తువు ఒకటుంటుందా అసలు, అని ఆయన మూడోసారి అడుగుతున్నాడు, పాడవకూడదనే కదా మనిషి ఫ్రిజ్ కనిపెట్టింది, పాతికేళ్ళుగా ఊరందరి ఫ్రిజ్‌లూ బాగుచేస్తున్నవాడికి ఆ మాత్రం తెలీదా, తెలుసండీ, ఎందుకు తెలీదు, అని ఆమె మనసులోనే అనుకుని గిన్నెలో ఉన్న బియ్యప్పిండి నూడుల్స్ దిమ్మని వేలితో నొక్కి చూసింది, నిన్న సాయంత్రం బస్టాపు పక్క దుకాణం ఆవిడ కాగితంలో చుట్టి ఇచ్చినప్పుడు ఇది వెచ్చగా, ముట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంది, ఇప్పుడు తడిసి ఎండిన అట్టముక్కలా ఉంది, అంచు కాస్త వంచితే పుటుక్కుమంది, తడిగుడ్డ కప్పాను, బల్ల మీదే ఉండనివ్వండి అని చెప్పిందా లేదా, చెప్పలేదు అని ఆయన, చెప్పిందిరా అని హాల్లోంచి అత్తగారు, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మొలకల తోకలు తుంచుతూ, చెవిటిదాన్ని నాకే వినపడితే నీకు వినపడకపోవడమేంట్రా, అమ్మా నువ్వూరుకో, ఊరుకుంటాలే, మీ నాన్నా ఇంతే, ఏది కనపడితే అది పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు, ఓసారి నా చెప్పులు పెట్టి ఊరెళ్ళిపోయాడు, తన గదిలోంచి అమ్మాయి పకపకా నవ్వింది, ఆయన నొచ్చుకున్నాడు, పొద్దున్నే లేచి చూస్తే బల్ల మీద దిక్కులేనట్టు పడుంది, పాపం చెడిపోతుందేమోనని, నీకోసమే, కింది అరలో వెనక మూల పెట్టాను, చలి బాగా తగిలేది అక్కడే, అని గొంతు తగ్గించాడు, నిజమే, ఆమె కోసమే పెట్టాడు, ఆ మనిషికి ప్రేమొస్తే చల్లబెట్టడం తప్ప ఇంకోటి రాదు, పూలైనా, తలనొప్పి మాత్రలైనా, ఓసారి కొవ్వొత్తులైనా, అలాంటివాణ్ణి ఏమని తిడతాం, దుకాణం ఇవాళ తెరవరు, ఆవిడ చేసేది శనివారాలే, పోనీలే, అన్నం వండెయ్, లేదంటే బయటినుంచి తెప్పిద్దాం, అంటున్నాడు, బియ్యాన్ని పిండి చేసి, పిండిని దుప్పటి చేసి, దుప్పటిని ముక్కలు చేసి మళ్ళీ వేయించడం దేనికమ్మా, మొదట్లోనే అన్నం వండుకుంటే పోయేదిగా, అని అత్తగారు, వాళ్ళకి ఇది ఆదివారం మధ్యాహ్నం సరదా, ఆమెకి మాత్రం కాదు, ఎందుకంటే ఇది పరీక్ష, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

పరీక్ష పెట్టినవాళ్ళు కూడా ఎవరో కాదు, తనే, రేపు పొద్దున్న మంటక్కకి జవాబు చెప్పాలి, వస్తాననో రాననో, ఆసుపత్రి క్యాంటీన్లో ముప్ఫై ఏళ్ళుగా పొయ్యి ముందు నిలబడ్డ మంటక్క కాంటనీస్ మాట్లాడే చైనా మనిషి, అసలు పేరు పలకబోయి అందరూ నవ్వులపాలయ్యాక, బాండీ కింద మంట భగ్గుమంటే గాని చెయ్యి కదపదు కాబట్టి మంటక్క అని పెట్టారు, ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి, నెలాఖరుకి మానేస్తోంది, పోయిన గురువారం బాండీ బోర్లించి, చేతులు తుడుచుకుంటూ, తనకొచ్చిన నాలుగు ముక్కల్లో, నువ్వు, నా పొయ్యి, సోమవారం చెప్పు, అంది, అంతే, అడగడమూ అయిపోయింది, ఒకటికి రెండుసార్లు అనడం ఆవిడకి అలవాటు లేదు, పధ్నాలుగేళ్ళుగా కింద లాండ్రీలో దుప్పట్లు విడదీసి మడతపెట్టే తనని, నలభై ఎనిమిది నిండిన తనని, క్యాంటీన్ మేనేజరు మూడు నెలలు చూస్తానన్నాడు, నచ్చితే ఉంటావు, లేకపోతే లేదు, లాండ్రీ సూపర్వైజరమ్మేమో, వెళ్ళావంటే నీ చోటు నీకోసం కాచుకుని ఉండదు తల్లీ, తర్వాత నన్ననకు, అంది, రెంటికీ చెడ్డ రేవడంటే అదే కదా, ఇంట్లో చెబితే హాయిగా సాగే ఉద్యోగం ఎందుకు వదలడం అని ఆయన అంటాడు, ఇంట్లో వండేది చాలకనా అని అత్తగారంటుంది, అన్నీ న్యాయమైన మాటలే, అందుకే చెప్పడానికి భయం, ఏడాదిగా షిఫ్టు అయ్యాక ఓ గంట మంటక్క పక్కన నిలబడి మిగతా వంటలన్నీ పట్టుకుంది గాని ఈ నూడుల్స్ ఒక్కటే కొరకరాని కొయ్య, ఇది చేతికొస్తే అన్నీ వచ్చినట్టే అంటుంది మంటక్క, చేసినప్పుడల్లా ఆవిడ కళ్ళ ముందే చేసింది, ఆగు, కదపకు, ఇప్పుడు, ఆ మూడు మాటల చెయ్యి పట్టుకునే నడిచింది, ఒంటరిగా ఎప్పుడూ చెయ్యలేదు, అందుకే నిన్న పొట్లం ఒళ్ళో పెట్టుకుని బస్సులో వస్తూ ఒట్టు పెట్టుకుంది, ఇంట్లో నలుగురం, నాలుగు పళ్ళేలు, ఒక్కోటీ విడిగా, ఎందుకంటే అన్నీ ఒక్కసారి పోస్తే బాండీ చల్లారి నూడుల్స్ వేగవు, ఉడుకుతాయి, ఆ నాలుగింటిలో ఒక్కటి విరిగి ముద్దయినా సరే, రేపు వెళ్ళి, అక్కా, నావల్ల కాదు, అని చెప్పేయాలి, అప్పటికి ఫ్రిజ్ సంగతి లెక్కలో లేదు, ఇప్పుడు వెనక్కి తీసుకుందామంటే, ఒట్టు ఒట్టే కదా.

అమ్మా ఇందులో వేడినీళ్ళలో వెయ్యమంటున్నారు, అని అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి గుమ్మానికి ఆనుకుంది, వద్దే, నీళ్ళు తగిలితే పైపొర జావవుతుంది, లోపలిది రాయిలాగే ఉంటుంది, మరేం చేస్తావు, ఏం చేస్తుంది, మంటక్క ఇది చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు, ఆవిడ జన్మలో వీటిని ఫ్రిజ్‌లో పెట్టి ఉండదు, ఆవిడ మొగుడు ఫ్రిజ్ మెకానిక్ కాదు, ఆ ఆలోచనకి తనకే నవ్వొచ్చింది, దిమ్మని వెలుతురు వైపు తిప్పి చూసింది, పల్చటి పొరలు, ఒకదాని మీద ఒకటి, నూనె రాసి మడిచి రెండు వేళ్ళ వెడల్పున కోసినవి, అచ్చం డ్రయ్యర్లో మర్చిపోయిన దుప్పట్ల మూటలా, బిగుసుకుపోయి, అంచులు అతుక్కుపోయి, అలాంటి మూటలు నెలకి ఎన్ని రావు, కొత్తగా చేరిన పిల్లలు వాటిని పట్టుకుని లాగుతారు, బర్రుమని చిరుగుతాయి, లాగొద్దమ్మా, మొండికేసినదాన్ని లాగితే ఇంకా మొండికేస్తుంది, ఆవిరి గదిలో రెండు నిమిషాలు పెట్టి, అప్పుడు మధ్యలో కాదు, మూల పట్టుకుని ఊపండి, అదే ఒప్పుకుంటుంది, అని చెప్పేది ఎవరు, తనే కదా, పధ్నాలుగేళ్ళుగా, అసలు మంటక్క తనని మొదట పొయ్యి దగ్గరికి పిలిచింది కూడా అందుకే, ఓ రోజు సాయంత్రం ఖాళీ ప్లేటు ఇవ్వడానికి వెళితే అక్కడ నూడుల్స్ పొరలు కుప్పగా ఉన్నాయి, ఊరికే ఉండలేని చేతులు కదా, మాటల్లోనే పది పొరలు విడదీసి పక్కన పరిచింది, ఒక్కటి చిరగలేదు, మంటక్క ఆ పొరల్నీ ఈ చేతుల్నీ మార్చి మార్చి చూసి, రేపు రా, అంది, ఏమండీ, ఆ వెడల్పు గిన్నెలో నీళ్ళు పెట్టండి, అంది ఇప్పుడు, తప్పు చేసినవాడికి పని దొరికితే ఎంత సంబరమో, ఆయన పరుగున వచ్చి నీళ్ళు మరగబెట్టాడు, పైన జల్లెడ, జల్లెడలో దిమ్మ, దాని మీద మూత, ఎన్ని డిగ్రీలుండాలి అని అడిగాడు, డిగ్రీలు లేవండీ, వాసనే, పచ్చి బియ్యం వాసన పోయి అన్నం వాసన రాగానే దించాలి, ఓహో అని ఆయన మూత దగ్గర ముక్కుపెట్టి కాపలా నిలబడ్డాడు, వచ్చింది వచ్చింది అని అరిచాడు, ఆమె అరచేతులకి నూనె రాసుకుని, ఓ మూల పట్టుకుని, మెల్లిగా, ఊపినట్టూ ఊపనట్టూ కదిపితే, పై పొర లేచింది, తర్వాతిది లేచింది, అమ్మాయి, హబ్బ, అంది, అత్తగారు మొలకల పళ్ళెం తెచ్చి గట్టు మీద పెట్టి, ఏ పనికి ఏ చెయ్యి పనికొస్తుందో, అని గొణుక్కుంటూ పోయింది, నాలుగు వాటాలు, నాలుగు మెత్తటి తెల్లటి కుప్పలు.

తెల్లటి కుప్పల్ని చూస్తే చాలు, వద్దనుకున్నా ఆ పదిహేడు రోజులూ వచ్చి నిలబడతాయి, నాలుగేళ్ళయింది, అప్పుడు అమ్మాయికి పదిహేను, ఊపిరితిత్తుల్లో నిమ్ము, అదే ఆసుపత్రి మూడో అంతస్తు, సెలవు పెడితే ఇంకా పిచ్చెక్కుతుందని తను కింద పనిలోనే ఉండిపోయింది, మధ్య మధ్య మెట్లెక్కి చూసి వచ్చేది, మూడో అంతస్తు దుప్పట్ల అంచుకి నీలం దారం ఉంటుంది, ఎక్కడెక్కడి మురికి మూటల్లోంచీ ఆ నీలం దారం కనపడితే చాలు చేతిలోకి తీసుకునేది, ఇది నా బిడ్డదేనా, ఈ చెమట దానిదేనా, నిన్నటికంటే తక్కువుందా, మడతపెట్టేటప్పుడు ఎవరూ చూడకుండా ఒక్క క్షణం చెంపకి ఆనించుకునేది, తిండి సహించేది కాదు, రెండో రోజో మూడో రోజో క్యాంటీన్లో ఓ మూల నీళ్ళ గ్లాసు పెట్టుకుని కూర్చుంది, అప్పటికి వంట కట్టేశారు, కుర్చీలు బల్లలెక్కాయి, అంతవరకూ ఆ మంటక్కతో తను రెండు మాటలు మాట్లాడిందీ లేదు, ఆవిడ వచ్చి చూసింది, ఏమైందని అడగలేదు, వెళ్ళి కడిగి బోర్లించిన బాండీ మళ్ళీ పొయ్యెక్కించింది, భగ్గుమన్న చప్పుడు, ఇనుము మీద అట్లకాడ చప్పుడు, ఓ పళ్ళెం తెచ్చి ముందు పెట్టి ఎదురుగా నిలబడింది, తినేదాకా కదిలేలా లేదు, అంత పెద్దావిడని నిలబెట్టడం ఇష్టంలేక ఒక ముద్ద తింది, తర్వాత ఇంకోటి, మర్నాడు అదే వేళకి మళ్ళీ బాండీ పొయ్యెక్కింది, ఆ మర్నాడూ అంతే, ఆసుపత్రిలో రోజుకి నాలుగొందల మందికి వండే మనిషి, కట్టేసిన పొయ్యి తనొక్కదాని కోసం వెలిగించేది, ఒక్క పళ్ళెం, ఒక్క మనిషికి, పదిహేడో రోజు అమ్మాయి మంచం మీద లేచి కూర్చుని, అమ్మా నీ దగ్గర ఏదో మంచి వాసనొస్తోంది, ఆకలేస్తోంది, అంది, అప్పుడు తను కిందకి పరిగెత్తి ఏం చెప్పిందో, చెప్పిందో ఏడ్చిందో, మంటక్క మాత్రం రెండు పళ్ళేలు వండింది.

అమ్మా, బాండీ పొగొస్తోంది, అని అమ్మాయి అరిచింది, రానీ, రావాలి, కిటికీ తెరువు, ఫ్యాను వెయ్యి, అంది, ఇనప బాండీ నలుపు మీద సన్నటి నీలిపొగ, నూనె వెయ్యగానే అలలాగా పరుచుకుంది, సోయా సాస్‌లో నానిన కోడిమాంసం ముక్కలు చుర్రుమన్నాయి, రంగు తిరగ్గానే తీసి పక్కన పెట్టింది, మళ్ళీ నూనె, ఉల్లికాడల తెల్ల ముక్కలు, ఇప్పుడు మొదటి కుప్ప, పరిచి, ఆగాలి, ఇక్కడే ఆగాలి, కింద అంచులు కాస్త మాడి, మంటక్క అరచేతి మీద హా అని ఊది చూపించి బాండీ ఊపిరి అని చెప్పిన ఆ వాసన లేచేదాకా ఆగాలి, చెవుల్లో ఆగు అన్న గొంతు లేదు, ఆయన వీపు వెనక నిలబడ్డాడు, అంటుకుంటోందేమో చూడు అన్నాడు, అంటుకుంటోందా, ఆవిరి పెట్టినవి కదా, మామూలు కంటే తొందరగా అంటుకుంటాయా, మూడు నెలలు, ఖాళీగా ఉండని చోటు, రేపు పొద్దున్న, చెయ్యి ఆగలేదు, అట్లకాడ ముందే దూరింది, ఒక్క తిప్పుకి నాలుగు ముక్కలు, కంగారుగా ఇంకో తిప్పు, ఎనిమిది ముక్కలు, సాస్ పోసి మాంసం, మొలకలు వేసి దించేసరికి పళ్ళెంలో ఉన్నవి నూడుల్స్ కావు, చింపిన కాగితాలు, అయిపోయింది, మొదటిదే, ఒట్టు ప్రకారం రేపు కాదని చెప్పాలి, అత్తగారే, తెచ్చెయ్యమ్మా ఇటు, విరిగితే ఏం, పళ్ళులేని దానికి విరిగిందే మేలు, అని చెయ్యి చాచింది, ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో మొదటి పళ్ళెం ఆవిడదే, తర్వాత ఆయన, తర్వాత అమ్మాయి, తను గిన్నె అడుగున మిగిలింది తింటుంది, ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ తీసిందీ కాదు, పళ్ళెం అందించబోయి ఆగింది, మంటక్క వంటింట్లో అలా కాదు, మొదటి పళ్ళెం వండినవాళ్ళదే, నిలబడే తినాలి, వేడిగానే తినాలి, నువ్వు తిననిది ఇంకొకరి ముందు ఎలా పెడతావు అని ఆవిడ పద్ధతి, నేర్చుకునే రోజుల్లో ఎంత చెడ్డగా వచ్చినా తనచేతే తినిపించేది, వద్దత్తయ్యా, ఇది నాది, అంది, మీది తర్వాత, ఏంటీ, ముందు నువ్వు తింటావా, అని అత్తగారు నోరు తెరిచింది, కోపం కాదు, ఆశ్చర్యం, ఆయన గోడ గడియారం వైపు చూశాడు, ఆకలేస్తే ఆయన గడియారాన్నే చూస్తాడు, ముగ్గురూ అలా చూస్తుండగా ఆమె గట్టుకి ఆనుకుని, పళ్ళెం చేతిలో పట్టుకుని, తినడం మొదలుపెట్టింది.

వేడి, ముందు అదే తెలిసింది, ఈ ఇంట్లో ఇంత వేడిగా తను ఎప్పుడైనా తిందా, తర్వాత ఉప్పు, సరిపోయింది, మాంసం మెత్తగా ఉంది, మొలకలు కరకరమన్నాయి, తర్వాత నాలుక వెనకాల ఎక్కడో, సన్నగా, ఆ మాడీ మాడని ఇనప వాసన, ఉంది, కొంచెమే ఉంది గాని ఉంది, నూడుల్స్ మాత్రం ముక్కలు ముక్కలే, మంటక్క అయితే ఇలా వండేదా, ఆవిడ నూడుల్స్ ఎప్పుడూ పొడుగ్గా, రిబ్బన్లలా, కాదు, ఆగు, అది నేర్చుకునే రోజుల సంగతి, అంతకుముందు, ఆ పదిహేడు రోజుల్లో, ఆ మూల బల్ల మీద, పళ్ళెంలో అవి పొడుగ్గా ఉన్నాయా, విరిగి ఉన్నాయా, ఆమె నమలడం ఆపి గుర్తు తెచ్చుకోబోయింది, పళ్ళెం అంచు పెచ్చు ఊడినట్టుండేది, అది గుర్తుంది, పక్కన గ్లాసులో వేణ్ణీళ్ళు, గుర్తుంది, ఎదురుగా తడి ఏప్రాను, ఎర్రబడ్డ మోచేతులు, ఎంతసేపైనా కదలని ఆ నిలబడటం, అన్నీ నిన్న జరిగినట్టున్నాయి, నూడుల్స్ మాత్రం ఎంత వెతికినా, విరిగాయో లేదో, అంటుకున్నాయో లేదో, ఒక్క రోజుది కూడా, ఒక్క పళ్ళెం కూడా గుర్తు రావడం లేదు, అన్ని రోజులు ఆ పళ్ళేలే తిని బతికిన మనిషికి అవి ఎలా ఉన్నాయో గుర్తు లేదు, వేడిగా ఉన్నాయి, తనకోసం ఉన్నాయి, అంతే, ఇంకేం కావాలి, తను ఏడాదిగా నేర్చుకుంటున్నది పొరలు విరక్కుండా తిప్పడం అనుకుంది, అది కూడా నేర్చుకోవాల్సిందే, కడుపు నిండాలంటే చేతికి పని రావాల్సిందే, కానీ మంటక్క గురువారం అడిగింది దాని గురించి కాదు, విరిగిన రోజున కూడా పొయ్యి ముందు ఉంటావా అని, ఎవరో ఒకరు ఓ మూల నీళ్ళ గ్లాసు పెట్టుకుని కూర్చుంటే చూస్తావా అని, చూసి, కట్టేసిన పొయ్యి మళ్ళీ వెలిగిస్తావా అని, అంత పెద్ద మాట చెప్పడానికి ఆవిడ దగ్గర మాటలు లేవు, నువ్వు, నా పొయ్యి, అంది, అదే మాట.

పళ్ళెం ఖాళీ చేసి తొట్లో పెట్టి, బాండీ తుడిచి మళ్ళీ మంట మీద పెట్టింది, ఏమండీ, మీరు కాస్త వెనక్కి జరగండి, అంది నవ్వుతూ, నా వీపు చల్లబడిపోతోంది, అత్తగారు కిసుక్కుమంది, ఆయన రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు, పొగ, నూనె, మాంసం, ఉల్లికాడలు, రెండో కుప్ప పరిచి చేతిని చేత్తో పట్టుకున్నట్టు ఆగింది, భయం పోలేదు, ఉంటే ఉండనీ, పక్కన ఉండి చూడనీ, వాసన లేచింది, ఇప్పుడు, అట్లకాడ అడుగు నుంచి దూర్చి దుప్పటి తిరగేసినట్టు ఒక్క తిప్పు తిప్పింది, రెండు మూడు విరిగాయి, మిగతావి నిగనిగలాడుతూ వచ్చి పడ్డాయి, అత్తగారు ఒక ముద్ద తిని, కుర్చీ బల్లకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది, ఆవిడ దగ్గర మెప్పు అంటే అంతే, మూడోది ఆయనకి, నాలుగోది అమ్మాయికి, దానిలో ఒక్కటే విరిగింది, అమ్మాయి రెండు ముద్దలు తిని ముక్కుతో గట్టిగా గాలి పీల్చి, అమ్మా, ఇది ఆ వాసనే కదూ, ఆసుపత్రిలో, అంది, కళ్ళు తుడుచుకుని పొగ మీదకి నెట్టేసింది, ఆయన తలెత్తకుండా తింటున్నాడు, ఆమె పొయ్యి కట్టేసింది, ఫ్యాను ఆపింది, ఇంట్లో ఒక్కసారిగా చప్పుడు తగ్గింది, కుర్చీ లాక్కుని ముగ్గురి మధ్యా కూర్చుని, చేతులు కొంగుకి తుడుచుకుని, అత్తయ్యా, మీరిద్దరూ కూడా వినండి, అంది, గొంతు పెంచకుండా, లాండ్రీలో నా పని ఈ నెలాఖరు వరకే, మంటక్క మానేస్తోంది, ఒకటో తారీఖు నుంచి ఆవిడ పొయ్యి దగ్గర నేనుంటాను, మూడు నెలలు చూసి వద్దన్నా అంటారేమో, అన్నప్పుడు చూసుకుందాం, రేపు పొద్దున్న ఆవిడకి వస్తున్నానని చెప్తున్నాను.